పెద్ద బండి ఆకలి

తండా,
వడ్లు ఇంటికి చేరిన మరునాడు

నా పమ్మీ,

నీ అత్త సోమ్లి రాస్తోంది. నువ్వు పలక ఒళ్లో పెట్టుకుని నేర్పిన అక్షరాలే ఇవి. వంకరగా ఉంటే సగం తప్పు నీది. "మాట్లాడినట్టు కాదత్తమ్మా, పుస్తకంల ఉన్నట్టు రాయాలె" అన్నావు కదా, అట్లాగే రాస్తున్నాను. మీ మామ పక్కన కూర్చుని, "గట్ల రాస్తే నువ్వే రాసినవని పిల్ల నమ్ముతదా?" అంటున్నాడు.

ఫోన్ ఉండగా ఉత్తరం ఎందుకని అడుగుతావు. ఫోన్ చేస్తే ఏమవుతుందో ఇద్దరికీ తెలుసు. నువ్వు "అత్తమ్మా" అంటావు. నేను "ఆ" అంటాను. ఆ తరువాత నువ్వు ఆ పక్క, నేను ఈ పక్క ముక్కులు చీదుకుంటూ ఉంటాం. మీ మామ వచ్చి ఫోన్ లాక్కుంటాడు, ఆయనా చీదుతాడు. నా కొడుకు రవి పోయిన నాటి నుంచి మనం ఫోన్లో ఒక్క పనికొచ్చే మాట మాట్లాడుకోలేదు. ఉత్తరంలో అయితే కళ్లు తుడుచుకుని మళ్లీ మొదలుపెట్టవచ్చు. మన తండా మోతీలాల్ ఖమ్మం బస్సు నడుపుతున్నాడు కాబట్టి, టిఫిన్ డబ్బాలో పెట్టి అతని చేతికి ఇస్తున్నాను.

అసలు సంగతి. రవి పెద్ద బండి, మిల్లుకు కిరాయికి తిప్పిన ఆ పెద్ద కారు, లేవడం లేదు. సారపాక మిల్లు ఆఫీసరు కబురు పంపాడు, కొత్త డ్రైవరును పెట్టి బండిని మళ్లీ కిరాయికి తిప్పుతారా అని. సరే చూద్దామని మీ మామ తాళం తిప్పాడు. టిక్ టిక్ టిక్ అంది. స్టీరింగు వెనకాల ఎర్రవి, పచ్చవి దీపాలన్నీ ఒక్కసారి వెలిగాయి. దీపావళికి మన తండా మొత్తంలో అన్ని వెలగవు. తరువాత ఒక్కొక్కటే ఆరిపోయి, ముసలాయన మూలిగినట్టు మూలిగి ఊరుకుంది. మీ మామ దిష్టి తగిలిందని నిమ్మకాయలు కట్టాడు. నిమ్మకాయలకు కూడా లేవలేదు.

నువ్వు కార్ల షెడ్డులో రిపేరు ఖర్చులు రాసే పనిలో ఉన్నావు, ఇంకెవరిని అడుగుతాను? ఖమ్మం పోయి ఉద్యోగం చేసుకొమ్మని నిన్ను పంపింది నేనే. ఇల్లు బోసిపోయిందని ఏడ్చేదీ నేనే. నా మాట పట్టించుకోకు, బండి మాట పట్టించుకో.

నీ మేలు కోరే అత్త,
సోమ్లి

తా.క. డబ్బాలో జొన్నరొట్టెలు, ఎల్లిపాయ కారం ఉన్నాయి. ఉత్తరం రొట్టెల కింద పెట్టాను. ముందు తింటేనే చదవడానికి దొరుకుతుంది.


ఖమ్మం,
డిసెంబరు 3

అత్తమ్మకు నమస్కారాలతో,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఒకసారి కోడలిగా, ఒకసారి షెడ్డు మనిషిగా. కోడలు ఏడ్చింది. షెడ్డు మనిషి ఈ కింది సంగతులు రాస్తోంది.

బండి నెలల తరబడి కదలకుండా ఉంటే ముందు బ్యాటరీ చచ్చిపోతుంది. అది అన్ని బండ్లకూ వచ్చే జబ్బే. కానీ ఇంత పెద్ద బండికి ఏ జబ్బు వచ్చినా పెద్దదే. చిన్న కారు తాగే ఇంజను ఆయిలుకు ఇది రెండింతలు తాగుతుంది. టైరు ఒక్కటి మార్చిన డబ్బుతో చిన్న కారుకు రెండు మార్చుకోవచ్చు. అడవి రోడ్ల గుంతల్లో తిరిగింది కాబట్టి చక్రాల దగ్గరి రబ్బరు బుష్‌లు కూడా అరిగే ఉంటాయి. మా ఓనరు ఉదయ్ భాస్కర్ గారు రోజూ కస్టమర్లతో అంటారు: "ఇది ఏనుగండీ. నడిచినా తింటది, పండుకున్నా తింటది."

దూలయ్య అనే మెకానిక్‌ను పంపుతున్నాను. పని మంచిగా వచ్చు. మోతీలాల్ బస్సులోనే వస్తాడు.

రొట్టెలు అందాయి. చాలా బాగున్నాయి. కడుపునిండా తిన్నాను. మామయ్య ఆరోగ్యం జాగ్రత్త.

మీ కోడలు,
ప్రమీల

తా.క. దూలయ్య తిండి దగ్గర మొహమాటపడే మనిషి కాదు. కుండ దాచిపెట్టు.


తండా,
మిరప పూతకు వచ్చిన వారం

నా పమ్మీ,

నీ దూలయ్య వచ్చి పోయాడు. బండి ముందు మూత లేపి, లోపలికి తలకాయ పెట్టి, చాలాసేపు బయటికి తీయలేదు. నాకు భయం వేసింది. తీసి ఏమన్నాడో తెలుసా?

"అవ్వా, నీ బండిని ఎవరో కమ్మగ తిన్నరు."

"ఎవరు బిడ్డా?"

"నాలుగు కాళ్లోళ్లు. మూతి మీద మీసాలు ఉంటయి."

ఎలుకలట. బ్యాటరీ ఒక్కటే కాదు, ఇంజను మీది వైర్లన్నీ కొరికేశాయట. సెనగల పొట్టు ఒలిచినట్టు పైతోలు ఒలిచి, లోపలి రాగి తీగ వదిలేశాయి. దూలయ్య నల్ల టేపు చుట్టి చుట్టి ఎన్ని కట్లు కట్టాడంటే, దవాఖానాలో కాలు విరిగిన మనిషికి కూడా అన్ని కట్టరు. కొత్త బ్యాటరీ వేశాడు. బండి లేచింది. ఆ చప్పుడు విని మీ మామ పశువుల కొట్టం నుంచి "వచ్చిండా?" అంటూ పరుగెత్తుకొచ్చాడు. దూలయ్యను చూసి మళ్లీ లోపలికి పోయాడు.

తొమ్మిది వేల బ్యాటరీ, నాలుగు వేల వైర్ల పని. ఆ డబ్బుతో దూడను కొంటే పెరిగి పాలన్నా ఇచ్చేది. ఇది వెనక నుంచి పొగ తప్ప ఏమిస్తుంది?

ఇంకొక చిన్న సంగతి. డ్రైవరు సీటులో ఒక పళ్లెం ఉంది. అందులో రొట్టె, ఎండు రొయ్యల కూర. దూలయ్య చూసి "గిది నాకేనా అవ్వా?" అన్నాడు. నేను నోరు తెరిచేలోగా సగం అయిపోయింది. "నీకే తిను" అన్నాను, ఏం చేస్తాను? పళ్లెం డ్రైవరు సీటులోకి ఎట్లా వచ్చిందని మాత్రం అడగకు. ముసలిదాన్ని, ఎక్కడో పెట్టి ఎక్కడో మరచిపోతాను.

నీ అత్త

తా.క. కుండ దాచిపెట్టాను. దూలయ్య వాసన పట్టి వెతికాడు.


ఖమ్మం,
డిసెంబరు 16

అత్తమ్మకు నమస్కారాలు.

దూలయ్య వచ్చి బండి గురించి రెండు మాటలు, రొయ్యల కూర గురించి ఇరవై మాటలు చెప్పాడు.

ఎలుకల సంగతి జాగ్రత్తగా విను. నిలబెట్టిన బండికి అన్నిటికంటే పెద్ద శత్రువు ఎలుక. టేపు చుట్టడం తాత్కాలికం. మళ్లీ కొరికితే వైర్ల గుత్తి మొత్తం మార్చాలి. దానికి యాభై వేలు పైమాటే. చిన్న కారు గుత్తి మన చీపురు కట్టంత ఉంటే, దీనిది మర్రి ఊడలంత ఉంటుంది.

కాబట్టి బండిని గడ్డివాము దగ్గర నిలపవద్దు. ఇంజను మీద పొగాకు కాడలు పరిచి పెట్టు, ఆ ఘాటుకు ఎలుక రాదు. దొరికితే ఒక పిల్లిని పెంచు. అన్నిటికంటే ముఖ్యం, బండిలో తినే వస్తువు ఒక్క మెతుకు కూడా ఉండకూడదు. ఇది కస్టమర్లందరికీ చెప్పే మాట, నీకు చెప్పనవసరం లేదు. బండిలో అన్నం ఎవరు పెడతారు?

రొట్టెలు అందాయి. చాలా బాగున్నాయి. ఉప్పూ కారం సమంగా కుదిరాయి.

మీ కోడలు,
ప్రమీల

తా.క. "మళ్లీ ఎప్పుడు పంపుతవ్ మేడం?" అని దూలయ్య రోజూ అడుగుతున్నాడు. బండి చెడిపోవాలని దేవుడికి మొక్కుకుంటున్నాడేమో.


తండా,
మొదటి మిరప కోత

నా పమ్మీ,

నువ్వు చెప్పినవన్నీ చేశాను. చేసినవన్నీ తీసేశాను కూడా. కోపం తెచ్చుకోకుండా చదువు.

పొగాకు తెచ్చి పరిచాను. ఘాటుకు నాకే తుమ్ములు ఆగలేదు. రవికి పొగాకు వాసన పడదు కదా, చుట్ట కాల్చే వాళ్లను బండి ఎక్కించుకునేవాడే కాదు. వాడి బండిలో పొగాకు పెట్టడానికి మనసొప్పలేదు. తీసి మీ మామకు ఇచ్చాను. ఆయన సంతోషపడ్డాడు.

పక్కింటి వాళ్ల పిల్లిని అడిగి తెచ్చాను. అది ఎలుకల వైపు చూడనే లేదు. పళ్లెంలో చేప తిని ఇంజను మీద హాయిగా పడుకుంది. ఎవరికో పెట్టింది ఇది తినడం ఏమిటని కట్టెతో అదిలించి పంపేశాను.

ఇప్పుడు కొత్త జబ్బు. ఏసీ, అదే ఆ చల్లగాలి మర, తిప్పితే ఎండుచేపల వాసన కొడుతోంది. గాలి కూడా దగ్గినట్టు వస్తోంది. మిల్లు ఆఫీసరు మనిషి బండి చూడ్డానికి వచ్చి, ఎక్కి, ముక్కు మూసుకుని దిగాడు. "అమ్మా, సార్‌కు చేపలు పడయి" అని పోయాడు. ఇక ఆ కిరాయి రాదు.

దూలయ్యకు ఫోన్ చేస్తే అడగకముందే బస్సెక్కాడు. ఎడమ సీటు ముందరి డబ్బా ఊడదీసి, గాలి వడకట్టే అట్ట తీశాడు. దాని వెనకాల ఎలుక గూడు ఉంది పమ్మీ. పత్తి, సీటు నురుగు, రొట్టె ముక్కలు. అన్నిటి కింద రవి మెడలో వేసుకునే ఎర్ర తువ్వాలు పీలికలు. ఆ పీలికల మీద కళ్లు తెరవని పిల్లలు, చిటికెన వేలంత లేవు. దూలయ్య పారేస్తానన్నాడు. "ఆగు" అన్నాను. చేటలో పెట్టి కట్టెల మోపు వెనక దించాను. తల్లి వచ్చి ఒక్కొక్కదాన్నే నోట కరుచుకుని తీసుకుపోయింది. ఎక్కడికి తీసుకుపోయిందో నేను చూడలేదు.

చల్లగాలి మర ఖర్చు ఆరు వేలట.

నీ అత్త

తా.క. పోయినసారి రొట్టెల్లో ఉప్పూ కారం సమంగా కుదిరాయని రాశావు. ఆ రోజు పిండిలో, కారంలో కూడా ఉప్పు వెయ్యడం మరచిపోయాను. మీ మామ నా మీద అరిచాడు కూడా.


ఖమ్మం,
జనవరి 20

అత్తమ్మకు నమస్కారాలు.

ఆ రోజు నాకు జలుబు చేసింది, రుచి తెలియలేదు. ఆ సంగతి వదిలెయ్యి.

బండి సంగతి మాట్లాడుకుందాం. తల్లి ఎక్కడికి తీసుకుపోయిందో చూడలేదని రాశావు. నేను చూడకుండానే చెప్పగలను. మళ్లీ బండిలోకే. ఇట్లాగే ఉంచితే ఈ సంవత్సరం వైర్లు, వచ్చే సంవత్సరం డీజిలు తోసే పంపు, ఆ తరువాత డీజిలు చిమ్మే నాజిళ్లు. ఒక్కొక్కటి ఒక మిరప కోత మింగుతుంది. బండి అమ్మేద్దాం.

వేంసూరు నుంచి వెంకటరామారావు గారని ఒక రైతు మా షెడ్డుకు వస్తుంటారు. ఆయిల్ పామ్ తోటలున్నాయి, పెద్ద కుటుంబం, పెద్ద బండి కావాలట. గురువారం పొద్దున మన తండాకు వస్తారు. బండి తుడిచి పెట్టు.

ఇంకొకటి అడగాలా వద్దా అని చాలాసేపు ఆలోచించాను. ఎలుక గూట్లో రొట్టె ముక్కలున్నాయని రాశావు. రోజూ ఎవరో బండిలో కూర్చుని తింటేనే అన్ని ముక్కలు పోగవుతాయి. నువ్వు చూడకుండా మామయ్య బండిలో కూర్చుని మందు తాగుతున్నాడా? పక్కన రొయ్యలు నంజుకుంటున్నాడా? పళ్లెం డ్రైవరు సీటులోకి వచ్చింది అట్లాగేనా? ఆయన బాధ నాకు తెలుసు, తప్పు పట్టను. కానీ ఎలుకలు పడతాయి.

మీ కోడలు,
ప్రమీల

తా.క. ఈ ఉత్తరం మామయ్యకు చదివి వినిపించకు.


తండా,
గురువారం గడిచిన శుక్రవారం

నా పమ్మీ,

తా.క. అనేది చివర రాస్తారు. నేను ఉత్తరం మొదటి నుంచి గట్టిగా చదువుతూ వస్తాను. వినిపించవద్దనే మాట దగ్గరికి వచ్చేసరికి మీ మామ అంతా విన్నాడు.

ముందు చుట్ట ఆర్పాడు. తరువాత, "నేను తాగేటోడినైతే గిన్ని దినాలు నిద్ర పట్టక చావకపోదును" అన్నాడు. తువ్వాలు దులుపుకుని చేనుకు పోయాడు. రాత్రికి తేలికపడి, "అయినా పిల్లకు మంచి తెలివి. పోలీసుల ఉండాల్సింది" అన్నాడు. కోపం పోయినట్టే.

ఇక వేంసూరు ఆయన సంగతి. పొద్దున వస్తానన్న మనిషి పొద్దుగూకాక వచ్చాడు. తెల్ల ప్యాంటు, తెల్ల చొక్కా. చాలా మర్యాదస్థుడు. బండి చుట్టూ తిరిగాడు, టైర్లు తన్ని చూశాడు. తలుపు తీసి ముక్కు ఎగబీల్చాడు.

"బండి బాగుందమ్మా. ఈ వాసనేంటండీ?"

"అడవి గాలి బాబూ."

"అడవిలో రొయ్యలుంటాయా అండీ?"

మీ మామ ఆకాశం వైపు చూస్తున్నాడు. ఆయన, "సరే, ఓ రౌండు కొట్టొస్తానండీ" అంటూ ఎక్కి కూర్చున్నాడు. పొద్దుగూకిందని చెప్పాను కదా. అప్పటికి పళ్లెం పెట్టేశాను. ఆయన పళ్లెం మీదే కూర్చున్నాడు. ఎల్లిపాయ కారం, గోంగూర. లేచి వెనక చూసుకుని, "అయ్యబాబోయ్, రక్తం!" అన్నాడు. "కారం బాబూ, భయం లేదు" అన్నాను. తుడుచుకోవడానికి ఏదైనా గుడ్డ ఉంటుందేమోనని ఎడమ పక్క అర తెరిచాడు. అందులోంచి తల్లి ఎలుక ఆయన ఒళ్లోకి దూకింది. ఆయన అటు తలుపులోంచి, ఎలుక ఇటు తలుపులోంచి. ఎవరు ముందు దిగారో నేను చెప్పలేను.

వాళ్ల కారు ఎక్కాక అద్దం దించి, "అమ్మా, ఈ బండి మీకే ఉండనివ్వండి" అన్నాడు. అంత ఇబ్బందిలోనూ మర్యాద వదలలేదు.

నాకు మాత్రం ఒకటి అనిపిస్తోంది పమ్మీ. అమ్మొద్దని రవి చెబుతున్నాడేమో.

నీ అత్త

తా.క. ఆ ప్యాంటు పంపితే కుంకుడు రసంలో నానబెట్టి ఉతికి ఇస్తానని చెప్పు. గోంగూర మరక పోతుంది. ఎల్లిపాయ కారం మరక సంగతి చెప్పలేను.


ఖమ్మం,
జనవరి 28

అత్తమ్మకు,

వెంకటరామారావు గారు మా ఓనరుకు ఫోన్ చేశారు. షెడ్డులో అందరూ నవ్వారు. నేను కూడా నవ్వాను. తరువాత బాత్రూంలోకి పోయి తలుపు వేసుకున్నాను.

పొగాకు తీసేశావు. పిల్లిని తరిమావు. ఎలుక పిల్లల్ని చేటలో పెట్టి కాపాడావు. కొనేవాడు వచ్చే వేళకు సీటులో కారం పెట్టావు. నాకు అర్థమైంది. బండి అమ్మడం నీకు ఇష్టం లేదు. ఆ మాట నాతో నేరుగా అంటే సరిపోయేది. బండి అమ్మిన డబ్బు తీసుకుని నా దారి నేను చూసుకుంటానని అనుకున్నావా అత్తమ్మా? నన్ను అట్లా అనుకున్నావా?

నేను ఎందుకు అమ్మమంటున్నానో విను. ఇక్కడ రోజంతా బండ్ల నంబర్లు రాస్తాను. ఎన్ని రాసినా చెయ్యి ఆగదు. ఆ ఒక్క నంబరు రాయాల్సి వస్తే ఆగుతుంది. నువ్వు దూలయ్యను పిలిచినప్పుడల్లా ఆ నంబరు రాసి, కస్టమర్ పేరు దగ్గర రవికుమార్ అని రాయాలి. మా కాగితాల్లో ఇంకా ఆయన పేరే ఉంది. మార్చమని నేను ఎవరినీ అడగలేదు. మార్చే ధైర్యం లేదు.

ఇక ఆ బండి గురించి నాకు రాయవద్దు. రొట్టెలు కూడా పంపవద్దు.

ప్రమీల

ఈ ఉత్తరానికి తా.క. లేదు.


తండా,
మిరప కల్లంలో ఎండుతున్న రోజు

నా పమ్మీ, నా బంగారు పిచ్చుకా,

బండి గురించి రాయవద్దన్నావు. ఇదొక్కసారి రాయనివ్వు. మొత్తం చదువు, తా.క. కూడా చదువు.

దవాఖానాలో ఆ సాయంత్రం వార్డులో నువ్వున్నావు, గేటు బయట నేనున్నాను. జ్వరంలో నీ చెయ్యి పట్టుకుని రవి జొన్నరొట్టె అడిగాడని కబురు వస్తే, ఇంటికి పోయి కాల్చి, డబ్బాలో పెట్టి తెచ్చాను. బయటి తిండి లోపలికి రానిచ్చేది లేదన్నారు. వాళ్ల పద్ధతి వాళ్లది. నువ్వు రవితో, "తెల్లారినంక తిందువు తియ్" అన్నావు. తెల్లారింది. డబ్బా అట్లాగే పెద్ద బండిలో మనతో పాటు తిరిగి వచ్చింది.

మన తండా పద్ధతిలో చెయ్యాల్సినవన్నీ చేశాం. అప్పుడు మోతీలాల్, "ఊళ్లోళ్లు పిట్టకు పెడ్తరు, పిట్ట ముడితే పోయినోళ్లు తృప్తిపడ్డట్టు. మనం గూడ పెడ్దాం" అన్నాడు. విస్తరిలో రొట్టె పెట్టి, గోదారి ఒడ్డున ఎండలో కూర్చున్నాం. కాకి వచ్చింది. విస్తరి దగ్గరికి రాలేదు. పోయి పెద్ద బండి నెత్తి మీద కూర్చుంది. మీ మామ బతిమాలాడు. నేను బతిమాలాను. అది దిగలేదు. నువ్వు సొమ్మసిల్లి మీ అమ్మ ఒళ్లో ఉన్నావు, నువ్వు చూడలేదు. మాకు ఆ పద్ధతి కొత్త. ఎవరిని అడగాలో తెలియలేదు. నాకు ఒక్కటే తోచింది. వాడికి బండిలో కావాలి.

ఆ రోజు నుంచి పొద్దుగూకితే డ్రైవరు సీటులో పళ్లెం పెడుతున్నాను. మీ మామ తాగుతున్నాడని నువ్వు అనుకున్నది అదే.

మొదటి పొద్దున పళ్లెం ఖాళీగా ఉంది. ఎంత సంతోషపడ్డానో చెప్పలేను. ఆ పూట నేను కూడా రెండు ముద్దలు తిన్నాను, రవి పోయాక మొదటిసారి.

నీ అత్తకు మతి పోయిందని అనుకోకు. వడ్ల బస్తాల మధ్య పెరిగినదాన్ని, ఎలుక పంటి గుర్తు నాకు తెలియదా? ఆ మొదటి రోజే సీటు కింద తోక చూశాను. దూలయ్య చెప్పకముందే నాకు తెలుసు. వైర్లు తింటున్నదీ తెలుసు. ఒక్కో బిల్లు వచ్చినప్పుడు, ఇవాళ పళ్లెం పెట్టవద్దు అనుకునేదాన్ని. పొద్దుగూకేసరికి చేతులు ఊరుకునేవి కావు. నా చేత్తో కాల్చిన రొట్టెను ఆ బండిలో ఎవరో ఒకరు తింటున్నారు కదా అనుకున్నాను. ఖర్చు మొత్తం మీ మామ మిరప మీద పడుతోందని తెలిసీ అనుకున్నాను. నీ మీద అనుమానంతో కాదు పమ్మీ. నీ మీద నాకు ఎప్పుడూ అనుమానం లేదు, ఒక్క ఉప్పు విషయంలో తప్ప.

ఆ ఉప్పు సంగతే ఇప్పుడు. నీ కోపం ఉత్తరం వచ్చాక దూలయ్య వచ్చాడు, పనిముట్లు మరచిపోయానని. మరచిపోయింది ఒక్క స్పానరు. కూర్చోబెట్టి అన్నం పెట్టి అడిగాను, "నా కోడలు తింటోందా?" అని. ముద్ద చేతిలోనే ఆగిపోయింది.

"అవ్వా, నిజం చెప్తే కొట్టవు గద?"

"చెప్పు."

"నువ్ పంపిన రొట్టెలు గిన్ని దినాలు తిన్నది నేనే. మేడం మూత తీస్తది, జర్రసేపు చూస్తది, మూత పెట్టి నాకిస్తది. మధ్యాహ్నం చాయ్‌ల బిస్కెట్ ముంచుకుంటది, గంతే. మేమందరం తిట్టినం. అవ్‌అవ్ అంటది, తినది."

"ఉప్పు లేని నాడు కూడా నువ్వేనా?"

"అవ్. ఉప్పు లేదనుకుంటనే తిన్న."

విన్నావా? నా కొడుకు పేరున పెట్టినదంతా ఎలుక తింది. నా కోడలు పేరున పంపినదంతా దూలయ్య తిన్నాడు. ఎలుక బలిసింది, దూలయ్యకు బొజ్జ వచ్చింది. ఎండిపోయింది మన ఇంటి వాళ్లమే.

జొన్నరొట్టె నీ గొంతు ఎందుకు దిగదో నాకు తెలుసు. "తెల్లారినంక" అన్న మాట అడ్డం పడుతుంది. ఆ మాట నీతో అనిపించింది దవాఖానా పద్ధతి బిడ్డా. నీ చోట నేనుంటే నేనూ అదే అనేదాన్ని. గేటు బయట డబ్బా పట్టుకుని నిలబడి, ఆ మాటే లోపల అనుకుంటూ ఉన్నాను కూడా.

పోయిన పిల్లవాడికి పెట్టడానికి ఇన్ని నెలలు తిప్పలు పడ్డాను. ఉన్న పిల్ల ఖమ్మంలో పస్తులుంటే చూసుకోలేదు. బండి అమ్మెయ్యి. దూలయ్య సీట్లన్నీ ఊడదీసి కడిగాడు, మూత తెరిచి రెండు రోజులు ఎండబెట్టాడు. నిన్న సాయంత్రం పళ్లెం పెట్టలేదు. పళ్లెం కడిగి బోర్లించాను. వేంసూరు ఆయనకు మళ్లీ కబురు పెట్టు. ప్యాంటు ఖరీదు ధరలో తగ్గించు. కస్టమర్ పేరు దగ్గర రవి పేరు ఉండనివ్వు, అమ్మిన నాడు అదే పోతుంది, నువ్వు కొట్టివేయనక్కర లేదు. డబ్బు తీసుకుని నీ దారి చూసుకుంటావేమోనని నేను అనుకున్నానన్నావు. చూసుకో బిడ్డా. మనసు ఎటు పోతే అటు చూసుకో. కాకపోతే తిని చూసుకో.

రేపటి నుంచి మోతీలాల్ బస్సులో రోజూ డబ్బా వస్తుంది. సాయంత్రం ఖాళీ డబ్బా తిరిగి రావాలి. మూత తీసి చూస్తాను. మోసం చెయ్యాలని చూడకు, ఎవరి తిండి ఎట్లా ఉంటుందో నాకు తెలుసు. దూలయ్య తింటే డబ్బా కడిగినట్టు ఉంటుంది. ఎలుక తింటే రొట్టె అంచులు మిగులుతాయి. నువ్వు తింటే అడుగున చిటికెడు కారం మిగులుస్తావు, పెళ్లయి వచ్చిన నాటి నుంచి నీ అలవాటు అది. ఆ చిటికెడు కారం నాకు తిరిగి పంపు. చాలు.

నిన్ను కన్నది కాకపోయినా నీ అమ్మే,
సోమ్లి

తా.క. ఎలుకకు రోజూ ఒక ముక్క కట్టెల మోపు వెనక వేస్తున్నాను. ఇన్నాళ్లు అలవాటు చేసి ఒక్కసారి మానెయ్యలేను. దూలయ్యకు ఆదివారం ఆదివారం వచ్చి తిని పొమ్మన్నాను. నీ డబ్బా మాత్రం నీదే. ఈసారి ఉప్పు వేశాను. కడుపునిండా తిను.